దీపం బొమ్మ కింద పేరు

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
జంగయ్య డిజిటల్స్‌ల నాదొక కుర్చీ, ఒక మౌసు.
పొద్దుగాల పుట్టినరోజులు, మాపటికి చావులు.
నడుమ బోరుబండ్ల యాడ్లు,
కొత్త సర్పంచుకు దండలు.
అన్నిటికీ ఆన్‌లైన్‌ల అచ్చులుంటయి.
ఫోటో మారుస్త, పేరు మారుస్త,
పసుపును ఇంత ముదురు జేస్త.
నేను గీసింది తక్కువ
జరిపింది ఎక్కువ.

కట్ట అండాలమ్మ పోయిన తొమ్మిదో దినం
కొడుకు లింగస్వామి వచ్చిండు.
"అమ్మ ఫోటో పక్కన మంచి దీపం పెట్టు చెల్లె,
గాలికి ఆరేటట్టు ఉండొద్దు."

వెతికిన. వందల దీపాలు,
అన్నీ బంగారు పళ్ళాలల్ల కూసున్నయి.
ఒక్కటి మాత్రం మట్టిది.
అంచు కొంచెం పగిలింది,
ఒత్తి ఒకదిక్కు వాలింది,
కింద నూనె మరక సుత గీసిండ్రు.
దాని అడుగున చీమలంత అక్షరాలు:
వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకున్నా సరే,
గీసినామె పేరు మాత్రం రాయండి.
మిలేనా కోవాచ్.

ఏ దేశమో ఎరుక లేదు.
ఆ నూనె మరక చూస్తే
ఆమె ఇంట్ల కూడా కరెంటు పోతదేమో అనిపించింది.

"ఊకో," అన్నడు జంగయ్య,
"ఆమె డిండి బస్సెక్కి వచ్చి చూసిపోతదా?
మన ఫోన్ నంబర్ పెద్దగ పెట్టు."

పోయినేడు నేనొక తంగేడు కొమ్మ గీసిన.
మూడు రాత్రులు. ఆకు ఆకుకు ఈనె.
సంబురంగ ఆ డబ్బాలనే ఎక్కించిన,
కింద 'ఒప్పుకుంటున్న' అనే గడిల టిక్కు కొట్టిన,
ఏం ఒప్పుకున్ననో చదవలే.
నెల తిరిగెసరికి కొండమల్లేపల్లి చౌరస్తాల
ఎవరిదో చీరల దుకాణం బోర్డు మీద పూసింది.
ఆటోల పోతూ తల తిప్పి తిప్పి చూసిన.
పక్కనామెకు చెప్దామనుకున్న, గది నాదని.
ఏమని చెప్పాలె?
ఏలు నాదే, టిక్కు నాదే.

అందుకే రాసిన.
కొడుకులు, కోడళ్ళు, బిడ్డలు, అల్లుళ్ళు,
మనుమలు, మనుమరాండ్లు,
వాళ్ళందరి కింద అంచుకు ఆనిచ్చి
'దీపం బొమ్మ: మిలేనా కోవాచ్'.

తెల్లారి దుకాణం మీదికి వచ్చింది అండాలమ్మ పెద్దబిడ్డ,
చేతిల ఫ్లెక్సీ చుట్ట.
"నా చిన్నకొడుకు వర్షిత్ పేరు లేదు.
అమ్మమ్మకు మందులు తెచ్చినోడు వాడు.
ఈ మిలేనా ఎవరు?
ఏ దిక్కు సుట్టం? మా తమ్ముడు ఏడికెళ్ళి తెచ్చిండు?"

లింగస్వామి ఇచ్చిన కాయితంల
ఆ పిల్లగాడు లేడు.
ఎందుకు లేడో అడగొద్దనిపించింది.
వెనకనే నిలవడ్డ లింగస్వామి
నేల దిక్కు చూస్తుండు.

దీపం చూపెట్టిన. సంగతి చెప్పిన.
ఆమె పగిలిన అంచు మీద ఏలు పెట్టి
శానసేపు ఉన్నది.
"పైసలిచ్చినవా?"
"లేదక్కా. పేరే అడిగింది."
"మరి గంత చిన్నగ రాసినవేందే?"

రెండోసారి అచ్చేసినం.
మూడువందలు నా జీతంల పట్టిండు జంగయ్య.
వర్షిత్ పేరు, మిలేనా పేరు
ఒకటే సైజు.

పన్నెండు దినాలు అయినంక
ఆ ఫ్లెక్సీ లింగస్వామి పత్తి కుప్ప మీదికెక్కింది.
ముసురు వట్టిన రోజు ఆ బాట పోయిన.
అండాలమ్మ మొఖం లోపటికి మడతవడ్డది,
దీపం సగమే కనవడ్తుంది.
కింది అంచు మీద రాయి పెట్టిండ్రు.
రాయి పక్కపొంటి 'కోవాచ్' అని
నాలుగు చినుకులు నిలిచినయి.

ఇంటికొచ్చి నా తంగేడు కొమ్మ ఫైలు తెరిచిన.
మూలకు పేరు రాసి, చెరిపి,
మల్ల రాసి,
ఈసారి ఆ గడి కింద ఉన్న చిన్నక్షరాలు
మెల్లగ చదువుడు షురూ జేసిన.